బిడ్డల క్యాన్సరు చికిత్సా ప్రయోగములు - తల్లిదండ్రుల సమ్మతి

కోలారు జిల్లా తూర్పు అంచున ముళబాగిలు తాలూకాలోని హోబళి కేంద్రము బైరకూరు. ఆంధ్రదేశపు ఎల్ల అచ్చటికి సమీపముననే యున్నది. ఈ సీమలో పెక్కు కుటుంబములకు ఇంటి మాట తెలుగు, బడి మాట కన్నడము. పెద్ద ఆస్పత్రులలోని కాగితముల మాట తరచుగా ఇంగ్లీషు. ఈ మూడు భాషల నడుమ బ్రదుకుట ఇచ్చటివారికి తరతరముల అలవాటు. సంతలోను, తాలూకా కచ్చేరిలోను దీనివలన కలుగు చిక్కు స్వల్పమే. కాని ఇంటి బిడ్డకు క్యాన్సరు వచ్చినదని వైద్యుడు చెప్పి, “మేము జరుపుచున్న చికిత్సా ప్రయోగములో మీ బిడ్డను చేర్చుకొనుటకు సమ్మతింతురా?” అని అడిగినపుడు మాత్రము, ఆ ప్రశ్న ఏ భాషలో వచ్చినది, ఎంత అర్థమైనది, ఆలోచించుటకు ఎంత వ్యవధి దొరకినది అనునవి సామాన్య విషయములు కావు.

బిడ్డల క్యాన్సరు నేడు చాలవరకు నయమగు వ్యాధి యైనదన్నచో, దానికి కారణము వైద్యుల మేధ యొక్కటియే కాదు. తమ బిడ్డలను ప్రయోగములలో చేర్చుటకు ఒప్పుకొనిన వేలకొలది కుటుంబముల ఔదార్యము గూడ అందు సగపాలు. ఆ ఔదార్యమును కోరువారికి ఒక బాధ్యత యున్నది: కుటుంబమునకు అర్థమగు మాటలలో, కాదనుటకు స్వేచ్ఛనిచ్చి అడుగవలెను. ఈ రెండు సంగతులను కోలారు ప్రాంతపు తెలుగువారి దృష్టితో పరిశీలించుట ఈ వ్యాసోద్దేశము.

ప్రయోగమనగా నేమి?

మొదటి చిక్కు మాటలోనే యున్నది. పల్లెలలో “వానిమీద ప్రయోగము చేసినారు” అన్నచో చేతబడి యని అర్థము. బడి పిల్లలకు ప్రయోగమన గాజు గొట్టములు, రసాయనములు. కావున “మీ బిడ్డను ప్రయోగములో చేర్తుము” అన్న మాట చెవిని బడగానే తల్లి గుండె ఝల్లుమనుట సహజము. వైద్యశాస్త్రమున ఈ మాటకు గల అర్థము వేరు. ఒక మందు గాని, మందుల క్రమము గాని మేలు చేయునా, కీడు చేయునా, ఇప్పుడున్న పద్ధతికంటె మెరుగైనదా యని, ముందుగా వ్రాసికొనిన నియమముల ప్రకారము, రోగుల సమ్మతితో పరీక్షించుటయే చికిత్సా ప్రయోగము.

ఇందు ముఖ్యముగా మూడు దశలు కలవు. మొదటి దశలో క్రొత్త మందును ఎంత మోతాదులో ఇచ్చిన శరీరము తట్టుకొనునో చూతురు. బిడ్డల క్యాన్సరు విషయమున సాధారణముగా, తెలిసిన చికిత్సలు విఫలమైన పిదపనే ఇట్టి ప్రయోగమును గూర్చి ప్రస్తావింతురు. రెండవ దశలో ఆ మందు వ్యాధిపై పనిచేయుచున్నదో లేదో చూతురు. మూడవ దశలో ఇప్పుడు వాడుకలోనున్న మేలైన చికిత్సను, దానిలో కొంత మార్పు చేసిన చికిత్సతో పోల్చి చూతురు. రక్తపు క్యాన్సరు, అనగా లుకేమియా వచ్చిన బిడ్డల తల్లిదండ్రులకు ఎక్కువగా ఎదురగునది ఈ మూడవ దశ. ఇందులో ఏ బిడ్డయు చికిత్స లేక మిగిలిపోడు. ఏ వర్గమున చేరినను, తక్కువలో తక్కువగా వాడుకలోనున్న మంచి చికిత్సయో, దానికి సాటి రాగలదని వైద్యులు తలచునదియో లభించును.

ఏ బిడ్డ ఏ వర్గమున చేరునను విషయమును వైద్యుడు గాని, తల్లిదండ్రులు గాని నిర్ణయింపరు. ఆ నిర్ణయము కంప్యూటరు ద్వారా చీటీ తీసినట్లు జరుగును. అన్నదమ్ములు పొలము పంచుకొనునపుడు చీట్లు వేయుట మన యెరుకలోనిదే గదా! ఎవరియెడలను పక్షపాతము లేకుండుటకే ఆ యేర్పాటు. వైద్యుడే ఎంచి, బలముగానున్న బిడ్డలకు క్రొత్త పద్ధతిని, నీరసించిన బిడ్డలకు పాత పద్ధతిని ఇచ్చినచో, తుదకు కనబడు భేదము మందువలననా, బిడ్డల బలమువలననా అని తేల్చుట అసాధ్యము.

భీమవరమునుండి బోస్టనుకు

ఈ చరిత్ర ఆరంభమున ఒక తెలుగువాని పేరున్నది. 1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలలలో పరిశోధనకు నాయకత్వము వహించిరి. ఫోలిక్ ఆమ్లమను విటమినును గూర్చి వారి బృందము పరిశోధించుచు, దానికి విరోధులైన పదార్థములను సృజించినది. రక్తకణములు పెరుగుటకు ఫోలిక్ ఆమ్లము కావలెను. దాని పనిని అడ్డగించినచో అదుపుతప్పి పెరుగుచున్న క్యాన్సరు కణములు నిలిచిపోవును. ఇట్టి విరోధులలో నొకటి అమినాప్టెరిన్.

బోస్టను నగరమందలి బాలల ఆస్పత్రిలో సిడ్నీ ఫార్బర్ అను వైద్యుడు ఈ మందును లుకేమియా బిడ్డలకిచ్చి చూచెను. 1948 జూను 3వ తేదీన వెలువడిన వారి పత్రములో 16 మంది బిడ్డల సంగతి యున్నది. వారిలో 10 మందికి గుణము కనబడినది. అంతకు పూర్వము ఆ వ్యాధి వచ్చిన బిడ్డకు మందే లేదు. వారములలోనో నెలలలోనో ప్రాణము పోవుచుండెను. అయితే ఆ గుణము తాత్కాలికమనియే పత్రము పేరులో గూడ వ్రాసిరి. కొన్ని నెలలకు వ్యాధి తిరుగబెట్టినది. సుబ్బారావుగారు అదే సంవత్సరము ఆగస్టులో కాలధర్మము నొందిరి.

ఆ పదునారు కుటుంబములకు దక్కినది కొన్ని నెలల కాలమే. కాని వారి బిడ్డలవలన తెలిసిన సత్యము పెద్దది: మందులతో లుకేమియాను వెనుకకు త్రోయవచ్చును. సుబ్బారావుగారి బృందము సృజించిన మరియొక ఫోలిక్ ఆమ్ల విరోధియే మెథోట్రెక్సేట్. నేడు మన జిల్లాలోని బిడ్డ రక్తపు క్యాన్సరుకు చికిత్స పొందుచు వారమునకొకసారి మ్రింగు చిన్న పసుపుపచ్చని మాత్ర అదియే. ఆ మాత్ర వెనుక ఒక తెలుగు శాస్త్రజ్ఞుడును, పేరు తెలియని పదునారుమంది తల్లులును కలరు.

ఆ కాలమున నేటివలె నీతి సంఘములు గాని, సవివరమైన సమ్మతి పత్రములు గాని లేవు. మనుష్యులపై జరుపు ప్రయోగమునకు వారి స్వచ్ఛంద సమ్మతి తప్పనిసరి యని న్యూరెంబర్గు తీర్పులో 1947లో చెప్పబడినది. తమంతట తాము సమ్మతి నీయజాలని వారి పక్షమున సంరక్షకులు ఒప్పుకొనుటను గూర్చి ప్రపంచ వైద్యసంఘము 1964లో హెల్సింకి ప్రకటనలో నియమములను వ్రాసినది. అనగా మందు ముందు వచ్చినది. అడుగు పద్ధతి పిదప వచ్చినది.

మన దేశమున

1970 ప్రాంతమున భారతదేశములో లుకేమియా బిడ్డలలో నూటికి ఇరువదిమంది మాత్రమే బ్రతికి బయటపడుచుండిరి. 1984 నుండి ముంబయిలోని టాటా స్మారక ఆస్పత్రి, మద్రాసు అడయారులోని క్యాన్సరు సంస్థ, ఢిల్లీలోని అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థ కలసి, అమెరికా జాతీయ క్యాన్సరు సంస్థ తోడ్పాటుతో, ఎంసిపి 841 అను ఒకే చికిత్సా క్రమమును అనుసరించినవి. ఇది చీటీ వేసి పోల్చిన ప్రయోగము కాదు. మూడు చోట్లను ఒకే పద్ధతిని పాటించి, ఫలితములను నిజాయితీగా లెక్కించిన ప్రయత్నము. 2005లో ప్రకటింపబడిన ఫలితములలో 1048 మంది రోగుల వివరములున్నవి. నాలుగేండ్ల పిదప వ్యాధి తిరుగబెట్టక నిలిచినవారు కేంద్రమును బట్టి నూటికి 45 నుండి 60 వరకు నుండిరి. ఇరువదితో పోల్చిన ఇది ఎంతటి మార్పో వేరుగ చెప్పనక్కరలేదు.

అయినను ధనిక దేశములలో నేడు నూటికి 85 నుండి 90 మంది బిడ్డలు బ్రతుకుచున్నారు. ఈ యంతరమునకు ఒక కారణము, మన బిడ్డలలో కొందరు క్యాన్సరువలన గాక, చికిత్స తొలి వారములలో అంటు జ్వరములవలన మరణించుట. తొలి దశలో వాడు ప్రెడ్నిసొలోన్ అను మందు క్యాన్సరు కణములను చంపుటయే గాక రోగనిరోధక శక్తిని గూడ తగ్గించును. అందుచేత ఐసికిల్ అను భారతీయ వైద్య బృందము ఒక ప్రశ్నను తీసికొనినది: ప్రమాదము తక్కువగానున్న చిన్న బిడ్డలకు ఆ మందును ఐదు వారములు ఇచ్చుటకు బదులు మూడు వారములిచ్చినచో హాని తగ్గునా? 2015 డిసెంబరులో నమోదైన ఆ ప్రయోగములో దేశములోని పలు కేంద్రములు చేరినవి. ఇది విదేశపు ప్రశ్న కాదు. మన ఇండ్లలోని బిడ్డల స్థితినుండి పుట్టిన ప్రశ్న. దీనికి ఉత్తరము మన కుటుంబములు ఒప్పుకొనినగాని దొరకదు.

బైరకూరునుండి బెంగుళూరికి

ఇక కుటుంబము వైపునుండి చూతము. బైరకూరు వంటి గ్రామమున ఐదారేండ్ల బిడ్డకు జ్వరము తగ్గక, ముఖము పాలిపోయి, ఒంటిపై నీలి మచ్చలు కనబడి, కాళ్ళు నొప్పియని ఏడ్చుచున్నాడనుకొందము. మొదట రక్తహీనత యని బలమునకు మందులిత్తురు. పిదప ముళబాగిలు, ఆ పైని కోలారు. అచ్చటి రక్తపరీక్షలో అనుమానము తోచగా బెంగుళూరికి పంపుదురు. అచ్చట 1973లో నెలకొల్పబడిన కిద్వాయి స్మారక క్యాన్సరు సంస్థ ఈ సీమ బీదలకు పెద్ద దిక్కు. బంగారు గనుల ప్రాంతపు కుటుంబములకును దారి బెంగుళూరికే. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడిన పిదప, మారికుప్పమునుండి బయలుదేరు రైలు కూలికి పోవువారినే గాక రోగులను గూడ మోసికొని పోవుచున్నది.

ఎముక మజ్జను పరీక్షించి వ్యాధి యిదియని తేల్చిన పిదప, చికిత్సను వాయిదా వేయుటకు వీలులేదు. కొన్ని దినములలోనే ఆరంభింపవలెను. ప్రయోగమున్నచో దానిని గూర్చి అడుగుటయు ఆ దినములలోనే. తల్లిదండ్రులు అప్పటికింకను “క్యాన్సరు” అను ఒక్క మాటనుండి తేరుకొని యుండరు. ఆపై చెప్పిన మాటలు చెవిని బడినను మనస్సునకెక్కవు. చేతికిచ్చిన కాగితము పది పదునైదు పుటలుండును.

ఇది మన పల్లెవారికే పరిమితమైన కష్టము కాదు. 2004లో అమెరికాలో ప్రకటింపబడిన యొక పరిశోధనలో లుకేమియా బిడ్డల తల్లిదండ్రులకు వైద్యులు ప్రయోగమును వివరించిన తీరును పరిశీలించిరి. చాలమంది వైద్యులు చీటీ పద్ధతిని వివరించిరి. దాదాపు అందరును కాగితమును చూపిరి. అయినను, ఆ సంభాషణ ముగిసిన పిదప అడిగి చూడగా 137 మంది తల్లిదండ్రులలో 68 మందికి, అనగా సగము మందికి, చీటీ పద్ధతి అర్థము కాలేదు. అర్థము కానివారిలో అల్పసంఖ్యాక జాతులవారు, ఆర్థికముగా వెనుకబడినవారు ఎక్కువ. అక్షరాస్యత మిక్కుటమైన దేశముననే ఇట్లున్నపుడు, ఇంట తెలుగు మాటలాడుచు, కన్నడమున చదివి, ఇంగ్లీషు కాగితముపై సంతకము చేయవలసిన తండ్రి మాటేమి?

వివిధ దేశములలో తల్లిదండ్రులను పలుకరించి చేసిన పరిశీలనలలో కొన్ని మాటలు మరల మరల వినబడుచున్నవి. తమ బిడ్డకు మేలు జరుగునను ఆశ మొదటిది. మరియొక బిడ్డకైన ఉపకరించునను తలంపు రెండవది. వైద్యునిపై నమ్మకము మూడవది. వీనితోపాటు, కాదన్నచో వైద్యునికి కోపము వచ్చి చికిత్స సరిగా జరుగదేమో యను భయము కొందరికుండును. ప్రయోగములో చేరినందున బిడ్డను తరచుగా పరీక్షించుట కొందరికి ధైర్యము. అదే మరికొందరికి అదనపు సూదిపోటు, అదనపు బస్సు చార్జి.

ఈ ఖర్చు అల్పము కాదు. లుకేమియా చికిత్స రెండు మూడేండ్లు నడచును. తల్లి బిడ్డతో ఆస్పత్రిలోనుండగా ఇంటివద్ద పట్టుపురుగులకు ఆకు వేయువారెవరు? ఆవు పాలు పిదికి డైరీకి పోయువారెవరు? రెండవ బిడ్డ అవ్వ యొద్ద పెరుగును. మందు ఉచితమైనను దారిఖర్చు, కూలి నష్టము ఉచితము కావు. తొలి నెలలలో గుణము కనబడగానే, నయమైనదని తలచియో అప్పు పుట్టకనో, చికిత్సను నడుమ విడిచిపెట్టు కుటుంబములు మన దేశమున నున్నవి. అట్లు విడిచిన బిడ్డకు వ్యాధి తిరుగబెట్టుట దాదాపు తప్పదు. కావున ప్రయోగమునకు సమ్మతించుటకు ముందు “ఎన్నిమారులు రావలెను? దారిఖర్చు నిత్తురా? బస ఎక్కడ?” యని అడుగుట పిసినారితనము కాదు, బిడ్డ ప్రాణమును గూర్చిన ప్రశ్నయే.

అడుగకుండ జరిగిన యొక ఉదాహరణ

అడుగు పద్ధతి తప్పినచో ఏమగునో తెలుగునేల స్వయముగా చూచినది. గర్భాశయ ముఖద్వార క్యాన్సరును నివారించు టీకాను 2009లో ఖమ్మం జిల్లాలో సుమారు 14,000 మంది బాలికలకు వేసిరి. పాత్ అను విదేశీ సంస్థ, భారత వైద్య పరిశోధనా మండలి, ఆనాటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము ఇందులో పాల్గొన్నవి. ఇది చికిత్స కాదు, నివారణ. దీనిని ప్రయోగమని గాక ప్రదర్శన పథకమని పిలిచిరి. కొందరు బాలికలు మరణించినట్లు వార్తలు రాగా 2010 ఏప్రిలులో పథకమును నిలిపివేసిరి. ఆ మరణములకు టీకా కారణమని తోచుట లేదని విచారణ సంఘము అభిప్రాయపడినది. కాని సమ్మతి విషయమున బయటపడిన లోపము దాచరానిది. 2013 ఆగస్టులో పార్లమెంటు స్థాయీ సంఘము సమర్పించిన నివేదిక ప్రకారము, ఆంధ్రప్రదేశ్‌లోని 9,543 పత్రములలో 2,763 పత్రములపై హాస్టలు వార్డెన్లు సంతకము చేసిరి. 1,948 పత్రములపై వేలిముద్రలున్నవి.

టీకా చెడ్డదని దీని అర్థము కాదు. ఆ టీకాను ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు చేయుచున్నది. దోషము మందులో లేదు, అడిగిన తీరులో నున్నది. హాస్టలులోని గిరిజన బాలిక తల్లి అడవి గ్రామమున నుండగా, ఆమె పేరిట వార్డెను చేసిన సంతకము సమ్మతి యెట్లగును? అట్లు పోయిన నమ్మకమును తిరిగి సంపాదించుటకు ఏండ్లు పట్టును. మంచి మందు గూడ అనుమానమునకు గురియగును.

నేటి నియమములు

2019 మార్చిలో భారత ప్రభుత్వము క్రొత్త మందులు, చికిత్సా ప్రయోగముల నియమావళిని ప్రకటించినది. దాని ప్రకారము నీతి సంఘము ఆమోదము లేక ప్రయోగము జరుపరాదు. ఆ సంఘములో వైద్యులేగాక సామాన్య పౌరుల పక్షమున గూడ ఒకరుండవలెను. వివరములను కుటుంబమునకు అర్థమగు భాషలో ఈయవలెను. తల్లిదండ్రులకు చదువు రానిచో, ప్రయోగముతో సంబంధము లేని సాక్షి యొకరు ఆ సంభాషణ జరుగునంతసేపు దగ్గరనుండి, పత్రముపై సంతకము చేయవలెను. కేవలము వేలిముద్ర చాలదు. ప్రయోగమునుండి ఎప్పుడైనను, కారణము చెప్పకయే, వైదొలగవచ్చును. అందువలన మామూలు చికిత్సకు భంగము కలుగరాదు. ప్రయోగమువలన హాని కలిగినచో ఉచిత చికిత్స, నష్టపరిహారము పొందుటకు హక్కు కలదు. 2007లో ఆరంభమైన చికిత్సా ప్రయోగముల జాతీయ పట్టికలో 2009 జూను నుండి ప్రయోగములను నమోదు చేయుట తప్పనిసరి. ఆ నమోదు సంఖ్యను ఎవరైనను అడిగి తెలిసికొనవచ్చును.

బిడ్డ మాటకు గూడ విలువ కలదు. 2017 నాటి భారత వైద్య పరిశోధనా మండలి మార్గదర్శకముల ప్రకారము, ఏడేండ్లు నిండిన బిడ్డకు వాని వయస్సుకు తగిన మాటలలో చెప్పి, నోటిమాటగా ఒప్పుదల పొందవలెను. పండ్రెండేండ్లు దాటినవారినుండి వ్రాతపూర్వకముగా పొందవలెను. మన ఇండ్లలో బిడ్డకు వ్యాధి పేరు చెప్పకుండుట ఆచారము. ఆ ఆచారమునకు మూలము ప్రేమయే. కాని నెలల తరబడి సూదులు పొడిపించుకొను బిడ్డకు ఏదో దాచుచున్నారని తెలియకపోదు. తల్లి నోటనుండి, తల్లి భాషలో, నెమ్మదిగా విన్న నిజము, ప్రక్క మంచముమీది బిడ్డ నోటనుండి విన్న నిజముకంటె మేలు.

మన సంఘములు చేయదగినది

ఈ సందర్భమున కోలారు, ముళబాగిలు, బంగారు గనులు, బెంగుళూరులలోని తెలుగు సంఘములు చేయదగిన పని కొంత కలదు. తెలుగు, కన్నడము, ఇంగ్లీషు మూడును తెలిసినవారు మన సంఘములలో తక్కువ కాదు. ఆస్పత్రివారి యనుమతితో, వారములో ఒక పూట కూర్చుండి, కుటుంబమునకు కాగితమును తెలుగున చదివి వినిపింపవచ్చును. అట్టివారి పని వినిపించుటయే. చేరుమనుట గాని వలదనుట గాని వారి పని కాదు. దారిఖర్చు, బస విషయమున తోడ్పడుట రెండవది. తెలుగు సమ్మతి పత్రము కావలెనని కోరుట కుటుంబపు హక్కు యని ఊరూర తెలియజేయుట మూడవది.

కుటుంబములును సంకోచింపక నాలుగు ప్రశ్నలడుగవలెను. చేరకపోయిన ఏ చికిత్స నిత్తురు? చేరినచో భేదమేమి? హాని కలిగిన బాధ్యత ఎవరిది? కాగితమును ఇంటి పెద్దలకు చూపి రేపు చెప్పవచ్చునా? మేనమామను గాని, పెదనాన్నను గాని పిలిపించుకొని ఆలోచించుటకు ఒక రాత్రి వ్యవధి కోరుట తప్పు కాదు. అంతయు విని వలదనిన తల్లి బిడ్డకు ద్రోహము చేసినది కాదు. అంతయు విని సరేయనిన తల్లి, తానెన్నడు చూడని బిడ్డకు గూడ మేలు చేసినది. 1948లో బోస్టనులోని పదునారుగురు తల్లుల పుణ్యము నేడు బైరకూరు బిడ్డకు మాత్రగా అందుచున్నది. నేడు మన తల్లులు తెలిసి చెప్పిన మాట రేపు ఎవరి బిడ్డకు మందగునో! ఆ మాట అర్థమై చెప్పిన మాటగా నుండునట్లు చూచుట మనందరి విధి.